విరాటసభలో సైరంధ్రి మొఱ

వానలు వెనుకబట్టిన యేడు మన పల్లెలలో విరాటపర్వము చదివించుట పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. నా బాల్యమున మా ఊరి రామాలయపు అరుగుమీద ఆ పురాణము జరుగుట పలుమార్లు చూచితిని. కీచకవధ నాటి రాత్రి జనము రెట్టింపుగా వచ్చెడివారు. భీముడు చీకటిలో నర్తనశాలయందు కాచియుండు ఘట్టము వచ్చుసరికి ముసలివారు సైతము ముందునకు జరిగి కూర్చుండెడివారు. కీచకుడు మాంసపుముద్దయై పడినంతనే హారతి యిచ్చి, ప్రసాదము పంచి, అందఱును లేచి పోయెడివారు. ఆ చావునకు వెనుక కొంత కథ యున్నదని గాని, దానికి ముందు పట్టపగలు ఒక నిండుసభ జరిగినదని గాని మాలో నెవరికిని పట్టలేదు.

ఇప్పుడు నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుచున్నాను. కీచకవధ పాఠమైనప్పుడెల్ల మగపిల్లలు చప్పట్లు చఱతురు. నేనును ఆ ఘట్టమును గొంతు హెచ్చించి చదువుచుందును. రెండేండ్ల క్రిందట, అట్లే చప్పట్లు ముగిసిన వెనుక, చివరి బల్లమీది ఒక బాలిక లేచి, “మాస్టారూ, కీచకుణ్ణి భీముడు చంపాడు. మరి సభలో కూర్చుని చూసినవాళ్ళకి ఏం శిక్ష పడిందండీ?” అని యడిగినది. గంట కొట్టిరి. రేపు చెప్పెదనంటిని. ఆ రేపు చాల దినములకు గాని రాలేదు. ఆమె కడుగదగిన ప్రశ్నయే. నాకు చెప్పదగిన యుత్తరము లేకపోయినది. గ్రంథము మఱల తెఱచి, మూలమును తెలుగును ప్రక్కప్రక్కన బెట్టుకొని, ఈసారి భీముని వెంట గాక సైరంధ్రి వెంట నడచి చదివితిని. అట్లు చదివినపుడు నాకు తోచిన విషయములే ఈ వ్యాసము.

సైరంధ్రి విరాటుని యింట కూలికి కుదిరిన దాసి. రాణికి తల దువ్వుట, పూలు కట్టుట, చందనము తీయుట ఆమె పని. కీచకుడు రాణికి తోబుట్టువు, రాజునకు సేనాపతి. రాజ్యము నిలుచుట వాని భుజబలమువలననే యని లోకమునకు తెలియును. ఇట్టివాడు ఇట్టి దానిని కోరెను. ఆమె కాదనెను. ఒకసారి కాదు, మర్యాదగా చెప్పెను, భయపెట్టియు చెప్పెను, తనకు గంధర్వులైన భర్తలున్నారనియు చెప్పెను. వాడు తిరిగి యక్కతో మొఱపెట్టుకొనెను. అక్క యొక యుపాయము పన్నెను. పర్వదినమున కీచకుని యింటికి మద్యము తెమ్మని సైరంధ్రిని పంపెను. “అమ్మా, నన్నచటికి పంపవలదు, వాని తలంపు నీవెఱుగుదువు, నీకు దాసీజనము పెక్కుమంది కలరు, వేఱొకతెను పంపుము” అను నర్థము వచ్చునట్లు సైరంధ్రి వేడుకొనెను. రాణి బంగారుగిన్నె చేతికిచ్చి పొమ్మనెను.

ఈ బంగారుగిన్నెయొద్ద మన పురాణికులు నిలువరు. వ్యాసుడు నిలిచెను. దౌర్జన్యము కీచకుని చేతితో మొదలుకాలేదనియు, ఇంటి యజమానురాలి యాజ్ఞతో మొదలైనదనియు ఆయన స్పష్టముగా వ్రాసెను. సుదేష్ణ క్రూరురాలు గాదు, సైరంధ్రిని ఆదరించినదే. కాని తమ్ముని కోరికకును దాసి యేడుపునకును నడుమ నిలువవలసి వచ్చినపుడు ఆమె తమ్మునివైపు నిలిచెను. ఆడుదాని కాడుదియే శత్రువని దీనికి అర్థము చెప్పువారున్నారు. అది పొరపాటు. సుదేష్ణ స్త్రీయై పంపలేదు, యజమానురాలై పంపినది. ఆమె స్థానమున పురుషుడున్నను గిన్నె అట్లే చేతికి వచ్చియుండును.

కీచకుడు చేయి పట్టుకొనెను. ఆమె విదలించి, వానిని త్రోసి, పరుగెత్తెను. ఎక్కడికి? రాజసభకు. ఇది గమనింపదగిన విషయము. ఆమె భర్తలయొద్దకు పరుగెత్తలేదు, ధర్మము నడుపవలసిన చోటికి పరుగెత్తినది. కీచకుడు వెంబడించి, రాజు చూచుచుండగా జుట్టుపట్టి యీడ్చి కాలితో తన్నెను. ఆమె లేచి నిలిచి సభనుద్దేశించి మాటాడెను. రాజైనవాడు దొంగల ధర్మము నడుపుటయేమని విరాటు నడిగెను. చూచుచు నూరకుండిన సభాసదులనును నిందించెను.

అప్పుడు విరాటుడన్న మాట యిది: మీ యిద్దఱి తగవు నా కన్నులయెదుట జరిగినది కాదు, నిజమేదో తెలియక నేనేమి తీర్పు చెప్పగలను? తన్ను పడినది ఆయన కన్నులయెదుటనే. కాని ఆయన దాని వెనుకనున్న “తగవు”ను గుఱించి మాటాడెను. నిష్పక్షపాతియైన న్యాయాధిపతివలె మాటాడెను. దీనిని చదివినపుడు నాకు వ్యాసుని మీద గౌరవము మఱింత హెచ్చినది. వెఱచినవాడు వెఱచితినని చెప్పడు. ఇరుపక్షముల మాటలు వినవలెనని చెప్పును. సేనాపతి లేనిచో సింహాసనము లేదను వెఱపు నిష్పక్షపాతమను వస్త్రము కప్పుకొని సభలో కూర్చున్నది.

సభాసదులేమి చేసిరి? వారు సైరంధ్రిని మెచ్చుకొనిరి. కీచకుని నిందించిరి. అంతటితో నిలువక, ఇట్టి విశాలనేత్ర ఎవ్వని భార్యయో వాడెంత భాగ్యవంతుడో యని ఆమె చక్కదనమును పొగడిరి. నేలబడి, ధూళిగొట్టుకొని, నిండుసభలో అవమానపడి నిలిచిన స్త్రీని చూచి వారికి తోచిన మాట యది. వారిది చెడ్డమనస్సు కాదు, సానుభూతియే. కాని ఆ సానుభూతి ఒక్క అంగుళమైన కదలలేదు. ఎవ్వడును లేచి ఆమెకును కీచకునకును నడుమ నిలువలేదు.

ఇక ధర్మరాజు. ఆయన కంకుడను పేర జూదమాడుచు అచటనే యుండెను. ఆయన నుదుట చెమట పట్టినదని వ్యాసుడు చెప్పును. అజ్ఞాతవాసము బయటపడినచో మఱల పండ్రెండేండ్లు అడవి. భీముడు పండ్లు కొఱుకుచు చెట్టువైపు చూచుచుండగా, వంటకట్టెలకైనచో వేఱొక చోట చూచుకొమ్మని రెండర్థముల మాటతో ఆయన వాని నాపెను. ద్రౌపదితో, రాణి యింటికి పొమ్మనియు, కాలము తెలియక నటివలె ఏడ్చుచు సభలోని జూదమునకు విఘ్నము చేయుచున్నావనియు అనెను. ఆమె బదులు చెప్పుచు జూదరియైన భర్తను ఎత్తిపొడిచెను.

తిక్కన ఈ సంవాదమును మఱింత పదును పెట్టెను. ఆయన నాటకీయశక్తికి ఇది మచ్చుతునకయని మన విమర్శకులందఱు ఒప్పుకొన్నారు. నేనును ఒప్పుకొందును. ధర్మరాజు మాటలలోని గూఢార్థము, ద్రౌపది బదులులోని వ్యంగ్యము, రెండు పద్యముల పొందిక, వీనిని గుఱించి నేను విద్యార్థిగా పుటలకొలది వ్రాసి మార్కులు తెచ్చుకొంటిని. ఉపాధ్యాయుడనై పుటలకొలది వ్రాయించితిని. ఇన్ని సంవత్సరములలో నేను వ్రాయనిది, వ్రాయించనిది ఒక్కటి కలదు. ఆ మాటలాడుచున్నపుడు ఆమె యప్పుడే తన్నులు తిని లేచి నిలిచియున్నది. ధ్వని చెప్పుకొనుటలో మునిగి మేము దెబ్బను మఱచితిమి. “ఎవ్వని భార్యయో” యని మెచ్చిన సభాసదులకును, “ఎంత చక్కని పద్యమో” యని మెచ్చిన మాకును గల భేదము స్వల్పము. ఈ దోషము తిక్కనది కాదు. కవి మాటలకు పదును పెట్టినది అవి గ్రుచ్చుకొనుటకే. మెఱుపు చూచి సంతోషించి పోవుటకు కాదు. తిక్కన ద్రౌపది చేత నవ్వులాట లాడించలేదు. నోరు విప్పరాని చోట నోరు విప్పుటకు ఆమెకు మిగిలిన యొక్క మార్గము రెండర్థముల మాటయే గాన, ఆ మార్గమున ఆమెను నడిపించెను.

పురాతనగ్రంథములో నేటి సమస్యలను దూర్చుట విమర్శయగునా యని యెవరైన అడుగవచ్చును. దూర్చినచో విమర్శ కాదు. కాని గ్రంథము తానే చెప్పిన దానిని దాటవేయుటయు విమర్శ కాదు. గిన్నె, రాజు మాట, సభ మెచ్చుకోలు, ఇవి మూలములో నున్నవే. నేను చేర్చినది లేదు.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా వీథిలోని యొక యిల్లాలు ఒకనాటి సాయంకాలము మా యింటికి వచ్చెను. పమిట చెఱగుతో చెంప కప్పుకొనియుండెను. మా యింటి యామె లోన నుండగా నాతోనే మొదట మాటాడెను: “అన్నయ్యగారూ, ఆయనతో మీరొక్క మాట చెప్పండి. మీ మాటంటే గౌరవం.” ఆ భర్త నాకు పరిచితుడు, మర్యాదస్థుడు, పలుకుబడి కలవాడు. నేను కొంతసేపు ఆలోచించి, “ఇద్దరి మాటా వినకుండా నేనేం చెప్పగలనమ్మా?” అంటిని. ఆమె తల యూచి, “అవునండి, నిజమే” అని వెడలిపోయెను. ఆ సమయమున నేను చాల న్యాయముగా మాటాడితినని తలంచితిని. విరాటపర్వము మఱల చదువుచు రాజు బదులు వద్దకు వచ్చినపుడు పుస్తకము మూసివేసితిని. అది నా వాక్యమే. నేను నూఱుసార్లు పాఠము చెప్పిన వాక్యమే నా నోట వెడలినది, నేను గుర్తింపలేదు.

ఆ బాలిక ప్రశ్నకు సమాధానము భారతములోనే, విరాటపర్వమున గాక సభాపర్వమున దొరకినది. హస్తినాపురసభలో ద్రౌపది తన ప్రశ్న నడిగి యుత్తరము రాక నిలిచినపుడు విదురుడు పాతకథ యొకటి చెప్పెను. ప్రహ్లాదునకు కశ్యపుడు చెప్పిన ధర్మమది. అధర్మముచే గాయపడి సభకు వచ్చినవారికి సమాధానము చెప్పక సభ యూరకుండినచో, ఆ పాపములో సగము సభకు పెద్దయైనవానికి పోవును. నాల్గవవంతు చేసినవానికి పోవును. తక్కిన నాల్గవవంతు, నిందింపదగినదానిని నిందింపక కూర్చున్న సభాసదులకు పోవును. ఈ లెక్క చూడుడు. చేసినవానికి పావు, చూచి యూరకుండిన పెద్దకు సగము. మన నీతిశాస్త్రములలో నింతకంటె కఠినమైన లెక్క నేనెఱుగను. ఇది పాశ్చాత్యులు తెచ్చిన క్రొత్త భావమని యనుటకు వీలు లేదు.

అదే సభలో వికర్ణుడొకడు లేచి ద్రౌపది గెలువబడలేదని చెప్పెను. వానికి కర్ణుడు చెప్పిన బదులేమి? అయిదుగురు భర్తలు కల యీమె కులట. ఇట్టిదానిని ఏకవస్త్రగానో వివస్త్రగానో సభకు తెచ్చుట తప్పు కాదనెను. ప్రశ్న చట్టమును గుఱించి. బదులు ఆమె నడతను గుఱించి. ఈ యెత్తుగడ కర్ణునితో పోలేదు. 1978లో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక పేదస్త్రీపై అత్యాచారము జరిగెను. ఆమె భర్త దెబ్బలచే చనిపోయెను. నగరము అట్టుడికినది. న్యాయమూర్తి ముక్తదర్ కమీషను పోలీసులదే తప్పని తేల్చెను. కాని విచారణ పొడుగునను ఆమె వివాహము చెల్లునా, ఆమె నడత యెట్టిది అను వాదమే సాగినది. తరువాత కేసు రాయచూరునకు మాఱ్చబడి, 1981లో నిందితులు విడుదలైరి. మహారాష్ట్రములో ఠాణాలో చెఱపబడిన ఆదివాసి బాలిక కేసులో 1978 సుప్రీంకోర్టు తీర్పు ఒంటిపై గాయములు లేవను కారణముతో నిందితులను విడిచినపుడు, 1979లో న్యాయశాస్త్రాచార్యులు నలుగురు ప్రధానన్యాయమూర్తికి బహిరంగలేఖ వ్రాసిరి. ఆ కదలిక ఫలముగా 1983లో చట్టము మాఱినది. బాధితురాలు దుర్నడత కలదని చూపి ఆమె సాక్ష్యమును త్రోసివేయుటకు వీలిచ్చిన నిబంధన 2002 సాక్ష్యచట్ట సవరణముతో గాని తొలగలేదు. కర్ణుని వాదమును మన చట్టము పుస్తకమునుండి కొట్టివేయుట కంత కాలము పట్టినది. వీథి యరుగులమీద అది నేటికిని కొట్టివేయబడలేదు.

సైరంధ్రి సభనుండి రాణియొద్దకు పోయెను. విడిపోయిన జుట్టు, ఎఱ్ఱనైన కన్నులు చూచి, నిన్నెవరు కొట్టిరని గిన్నె యిచ్చిన రాణియే అడిగెను. కోరినచో కీచకుని చంపింతుననియు అనెను. పంపునపుడు లేని శక్తి ఇప్పుడెట్లు వచ్చినదో తెలియదు. సైరంధ్రి ఆ మాటను నమ్మలేదు. స్నానము చేసి, వస్త్రములు తడిపి యుతికికొని, రాత్రి వంటశాలకు పోయి భీముని లేపెను.

ఈ వంటశాల ఘట్టము విరాటపర్వమునకు గుండెకాయ యని నా యభిప్రాయము. మనము దీనిని నర్తనశాలకు పోవు దారిగా మాత్రమే చదువుచున్నాము. ఆమె కీచకుని మాట తరువాత చెప్పెను. అంతకు ముందు, పదుమూడేండ్ల కష్టమంతయు చెప్పెను. చందనము నూఱి కాయలు కాచిన చేతులు చూపెను. భీముడు ఆ చేతులను తన మొగమునకు చేర్చుకొని యేడ్చెను. ఆశ్చర్యమేమన, ఆ భీముడును మొదట ఓర్చుకొమ్మనియే చెప్పెను. సుకన్య యోర్చుకొన్నది, సీత యోర్చుకొన్నది, లోపాముద్ర యోర్చుకొన్నది, నీవును కొంచెముకాల మోర్చుకొమ్మని పతివ్రతల పట్టిక చదివెను. ఆపద చెప్పుకొనవచ్చిన స్త్రీకి మనవారు ఇంటింట చదువు పట్టిక యదియే. ద్రౌపది వినలేదు. రేపు ప్రొద్దు పొడుచుసరికి కీచకుడు బ్రదికియున్నచో విషము కలుపుకొని త్రాగెదననెను. తలుపులన్నియు మూసిన తరువాత మిగులు తలుపు అదియని ఆమె చెప్పుచున్నది. అప్పుడు గాని భీముడు మేలుకొనలేదు. అంతకుముందు నిద్రనుండి లేచెను, అంతే.

ఈమె యెన్ని తలుపులు తట్టినదో లెక్కింపుడు. రాణి, రాజు, సభ, పెద్దభర్త, మఱల రాణి, చివరకు భీముడు. ఆఱవ తలుపు తెఱచుకొన్నది, అదియు రెండవ మాటకు. నేటి స్త్రీలెందఱు ఆఱు తలుపులు తట్టుదురు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, హింసకు గుఱియైన స్త్రీలలో ఎక్కడనైన సహాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమేయని తేలినది. కోరినవారిలో పెక్కుమంది పుట్టింటికే పోయిరి. పోలీసులయొద్దకు, వైద్యులయొద్దకు పోయినవారు కొలదిమంది. అదే సర్వేలో మన తెలుగుదేశమునకు సిగ్గు కలిగించు లెక్క మఱొకటి కలదు. అత్తమామలను గౌరవింపకపోవుట, చెప్పక బయటికి పోవుట, వంట సరిగా చేయకపోవుట మొదలైన ఏడు కారణములు చెప్పి, వీనిలో నేదైన నొకదానికి భర్త భార్యను కొట్టుట తగునా యని యడుగగా, ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను నూటికి సుమారు 84 మంది స్త్రీలు తగుననిరి. దేశమునందు ఇంత పెద్దలెక్క వచ్చిన రాష్ట్రములు మనవే. కొట్టు చేతులకంటె ముందు ఈ తగునను మాటను మనము పెంచుచున్నాము. అది పాఠశాలలో, పెండ్లిపందిరిలో, హాస్యకథలో, నిద్రపుచ్చు మాటలలో పెరుగుచున్నది.

కీచకుడు చచ్చిన వెనుక జరిగిన కథను హారతి యిచ్చి లేచిపోయిన మా ఊరివారు వినలేదని చెప్పితిని. ఆ కథ యిది. కీచకుని తమ్ములు, మా యన్న చచ్చుటకు ఇదియే కారణమని సైరంధ్రిని శవముతోకూడ కట్టి శ్మశానమునకు మోసికొనిపోయిరి. రాజు అందుల కనుమతి యిచ్చెను. భీముడు వచ్చి ఆమెను విడిపించి వారినందఱిని చంపెను. అప్పుడు రాజునకు భయము కలిగినది. ఆయన చేసిన పని, సైరంధ్రిని కొలువు విడిచి పొమ్మని రాణిచేత చెప్పించుట. ఆమె పదుమూడు దినములు గడువు వేడుకొనెను. తన్నినవానికి శిక్ష పడినది. తన్నులు తిన్నదానికి కొలువు పోవు స్థితి వచ్చినది. పట్టణజనులు ఆమెను చూచి భయపడి తొలగిరి. శత్రువు చచ్చినంతమాత్రమున ఆమె బ్రదుకు చక్కబడదను సంగతిని వ్యాసుడెంత స్పష్టముగా చెప్పెనో చూడుడు.

భీముని గదకు చప్పట్లు చఱచు అలవాటు మనల నెచ్చటికి తెచ్చినదో చెప్పెదను. 2019 నవంబరులో హైదరాబాదు శివారున ఒక యువవైద్యురాలిని చెఱచి చంపిరి. డిసెంబరు 6వ తేదీన నిందితులు నలుగురును పోలీసు కాల్పులలో చనిపోయిరి. జనము పోలీసులపై పూలు చల్లిరి. ఆ కాల్పులు ఉద్దేశపూర్వకముగా జరిపినవని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమీషను 2022లో తేల్చెను. పూలు చల్లినవారి దుఃఖమును నేను తక్కువచేయను. కాని ఆ పూలతో మనమొక ప్రశ్నను కప్పివేసితిమి: బ్రదికియున్న బాధితురాలు ఠాణా మెట్లెక్కినపుడు ఆమె కెట్టి కుర్చీ వేయుచున్నాము? నర్తనశాలకు పోయిన కన్ను సభవైపు తిరుగదు.

కళలును ఈ చూపునే పెంచినవి. 1963 నాటి “నర్తనశాల” చిత్రము గొప్పదే. అందు కీచకుడుగా ఎస్.వి. రంగారావుగారి నటనకు జకార్తా చలనచిత్రోత్సవమున బహుమతి వచ్చినది. నేటికిని జనము కీచకుని నడకను అనుకరించి చూపుదురు. సైరంధ్రిగా నటించిన సావిత్రిగారి కన్నులలోని భయమును గుఱించి మాటాడువారు తక్కువ. మరాఠీలో ఖాడిల్కరు 1907లో “కీచకవధ” నాటకము వ్రాసెను. అందు కీచకుడు కర్జను, సైరంధ్రి భారతమాత. ప్రభుత్వమువారు 1910లో దానిని నిషేధించిరి. దేశభక్తికి అది మేలు చేసెను. కాని సైరంధ్రి దేశమై పోయినపుడు, సైరంధ్రియను స్త్రీ యెచ్చటికి పోయెనని అడుగువారు లేరైరి.

మన సంస్కరణసాహిత్యముపైనను నాకొక చిన్న ఫిర్యాదు కలదు. గురజాడవారి “పూర్ణమ్మ”, “కన్యక” చదివి కంట నీరు పెట్టనివారుండరు. ఆ కన్నీరు మన సంఘమును కొంత కడిగినది కూడ. కాని ఒకతె ముసలి వరునికి అమ్ముడుపోయి ప్రాణము విడిచినది; మఱొకతె రాజు చేతికి చిక్కక అగ్నిలో దూకినది. చచ్చిపోయిన స్త్రీకి మనము గుడి కట్టుదుము. బ్రదికివచ్చిన స్త్రీకి గది యద్దెకీయము. మరణమును శీలమునకు సాక్ష్యముగా నడుగు అలవాటు మన కంటిలో నున్నది. కవుల నొకరిని అనుటకు లేదు. అందుచేతనే ఓల్గాగారి “విముక్త” కథలు నాకు ముఖ్యముగా తోచినవి. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన యీ సంపుటములో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలిసికొనును. ముక్కు చెవులు పోయిన శూర్పణఖ చచ్చిపోలేదు. తోట వేసికొని బ్రదుకుచున్నది. గాయపడిన స్త్రీ తరువాతి దినము, ఆ తరువాతి సంవత్సరము ఎట్లు గడపినదని అడిగిన కథలివి. ఒకరి మాట నొకరు విచారణ చేయక వినుటయే అందు జరుగు ప్రధానమైన పని. వంటశాలలో భీముడు రెండవమాఱు చేసినది నిదియే.

సైరంధ్రికి లేనివి కొన్ని నేటి స్త్రీకి కలవు. 1992లో రాజస్థానమున బాల్యవివాహము నాపబోయిన గ్రామసేవికపై జరిగిన అత్యాచారమునుండి 1997 విశాఖ తీర్పు పుట్టినది. దానినుండి 2013లో పనిచోటులలో లైంగికవేధింపుల నిరోధక చట్టము వచ్చినది. పదిమంది పనిచేయు ప్రతిచోటను సంఘముండవలెను. ఇంటిపనివారి కొఱకు జిల్లాలో స్థానికసంఘముండవలెను. ఫిర్యాదు చేసినదానిని కొలువునుండి పంపుట గాక, విచారణకాలమున ఆమెకు మూడు నెలలవఱకు సెలవు ఇప్పింపవచ్చునని అందు కలదు. 2006 అక్టోబరులో అమలునకు వచ్చిన గృహహింస చట్టము, భర్త యింట నివసించు హక్కును, రక్షణ ఉత్తర్వును ఇచ్చుచున్నది. అందులో నాకు మిక్కిలి నచ్చినది వేఱొకటి. హింస జరుగుచున్నదని నమ్మిన వారెవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును; మంచి యుద్దేశముతో తెలిపినవారిపై కేసు రాదు. అనగా సభాసదునకు నోరు తెఱచు హక్కు చట్టమే యిచ్చినది. 181 సంఖ్యకు ఫోను చేయవచ్చును. జిల్లాలలో సఖి కేంద్రములు కలవు. వైద్యము, న్యాయసలహా, కొలదిదినముల ఆశ్రయము ఒక్కచోట దొరకవలెనని వానిని పెట్టిరి. చాలనివి, లోపములు కలవి కావచ్చును. కాని ఆ సంఖ్య మన యిండ్లలో పాలవాని సంఖ్యవలె గోడమీద వ్రాసియుండునా?

మా యింటికి వచ్చిన యిల్లాలి కథ ముగింపవలెను. ఆ రాత్రి నేను జరిగినది చెప్పగా మా యింటి యామె కొంతసేపు మాటాడలేదు. “ఆవిడ మిమ్మల్ని తీర్పు చెప్పమని అడగలేదండీ. ఒక మాట చెప్పమంది” అని మాత్రమన్నది. మఱునాడు ఆమెయే ఆ యింటికి పోయెను. ఏమి మాటాడుకొనిరో నాకు తెలియదు. పిమ్మట ఇరువురును కలిసి రక్షణాధికారి కార్యాలయమునకు మూడుసార్లు పోయిరని తెలియును. అంతయు చక్కబడినదని చెప్పలేను. ఆమె మా యింటికి మఱల వచ్చుటకు ఏడాది పట్టినది. వచ్చినపుడు నాతో గాక వదినగారితోనే మాటాడినది. అది నాకు పడిన పావువంతు.

గృహస్థులైన చదువరులు ఈ పర్వమును మఱల చదువుదురు గాక. పిల్లలకు కూడ చెప్పుదురు గాక. అయితే ఈసారి నర్తనశాలకు పరుగెత్తక, బంగారుగిన్నెయొద్ద కొంతసేపు, విరాటుని మాటయొద్ద కొంతసేపు, వంటశాలలో ఆ కాయలు కాచిన చేతులయొద్ద మఱికొంతసేపు నిలువుడు. మన తలుపు తట్టినవారితో మొదట చెప్పవలసినది “ఎందుకు జరిగినది” అను ప్రశ్న కాదు, “లోపలికి రా అమ్మా, కూర్చో” అను మాట. నిజానిజములు తేల్చుటకు కోర్టులు కలవు. కుర్చీ వేయుటకు మనమే.

ఆ బాలికకు ఎట్టకేలకు విదురుని లెక్క చెప్పితిని. సగము, పావు, పావు అని నల్లబల్లమీద వ్రాసి చూపితిని. ఆమె కొంతసేపు చూచి, “అయితే మాస్టారూ, ఒక్కళ్ళు లేచి నిలబడితే వాళ్ళ వంతు పోతుందాండీ?” అని యడిగినది. పోవునని చెప్పితిని. ఆ సంవత్సరము కీచకవధ పాఠమునకు చప్పట్లు కొంచెము తగ్గినవి.